పిల్లల మలుపు వేగం, నిలకడ కొలవడం: టేపు, ఫోను, కాస్త ఓపిక

జూన్‌లో తీసిన టైముకూ డిసెంబరులో తీసిన టైముకూ తేడా వస్తే పిల్లవాడు మారాడా, కొలిచిన తీరు మారిందా అన్నది ముందు తేలాలి. తేలకపోతే ఆ రెండు అంకెలతో పనేమీ లేదు. కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్ నేర్పే పీఈటీలు, కోచ్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గీత దాటగానే టైము తీసే ఖరీదైన టైమింగ్ గేట్లు లేకపోవడం అంత పెద్ద లోటు కాదు. ప్రతిసారీ ఒకే నేల, ఒకే దూరం, ఒకే నియమం పాటించకపోవడమే లోటు.

నేల, వేళ, కాళ్లు

ఒకే పిల్లవాణ్ణి ఓసారి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియంలో, ఇంకోసారి స్కూలు ఎర్రమట్టి గ్రౌండులో పరుగెత్తించి పోల్చకండి. వదులు మట్టి మీద మలుపు దగ్గర కాలు జారుతుంది, టైము పెరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. తడి నేల మీద మలుపు పరీక్షలు పెట్టడం కొలతకూ మంచిది కాదు, మోకాళ్లకూ మంచిది కాదు. ఎండాకాలం క్యాంపుల్లో ఉదయం ఎనిమిదిలోపే ముగించాలి. బూట్లా, ఉత్తకాళ్లా అన్నది కాగితం మీద రాయండి. కబడ్డీ పిల్లకాయలు చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడతారు. వాళ్లను ఉత్తకాళ్లతో కొలిస్తే వచ్చేసారి కూడా అలాగే కొలవాలి.

తిరుపతిలో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ రెండు మూడు రోజుల్లో కొండకు నడిచి వెళ్లావా? అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కి, మళ్లీ నడిచే దిగిన పిల్లవాడికి పిక్కలు, తొడలు మర్నాటి నుంచి పట్టేస్తాయి. దిగడం వల్ల వచ్చే నొప్పి రెండో రోజుకు ఇంకా ఎక్కువవుతుంది. అలాంటి పిల్లలకు మూడు రోజులు ఆగి పరీక్ష పెట్టండి.

వరస కూడా ముఖ్యమే. ముందు ఎత్తు, బరువు. తర్వాత ఐదు నిమిషాలు ఒళ్లు కదిలించి నిలకడ (బ్యాలెన్స్) పరీక్షలు. ఆ తర్వాత పది నిమిషాల వార్మప్, పక్కడుగులు, ముప్పాతిక వేగంతో రెండు పరుగులు. చివరగా మలుపు పరీక్షలు. పరుగులు ముందు పెడితే అలసిన చీలమండల నిలకడనే కొలిచినట్టవుతుంది.

నిలకడ: చిన్నవాళ్లకు ఒకటి, పెద్దవాళ్లకు ఇంకొకటి

ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో 5 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఫ్లెమింగో బ్యాలెన్స్ ఉంది. దానికి 50 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. ఎత్తు, 3 సెం.మీ. వెడల్పున్న దిమ్మె కావాలి. వడ్రంగి చేత చేయించుకోవచ్చు. కింద అడ్డ చెక్కలు బిగించమనండి, లేకపోతే దిమ్మే ఊగుతుంది. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి పాదాన్ని వెనక్కి మడిచి అదే వైపు చేత్తో పట్టుకోవాలి. పడ్డ ప్రతిసారీ వాచీ ఆపి, మళ్లీ నిలబడ్డాక నడపాలి. మొత్తం 60 సెకన్ల నిలకడలో ఎన్నిసార్లు పడ్డాడో అదే స్కోరు. మొదటి 30 సెకన్లలోనే 15 సార్లకు మించి పడితే పరీక్ష అక్కడితో ఆపేసి సున్నా రాస్తారు.

పదేళ్లు దాటిన ఆటగాళ్లకు వై బ్యాలెన్స్ పనికొస్తుంది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని ముందుకు, వెనక రెండు మూలలకు వీలైనంత దూరం చాపడమే పరీక్ష. కిట్ కొననక్కర్లేదు, నున్నటి గచ్చు మీద మూడు టేపులు చాలు. వెనక రెండు గీతల మధ్య 90 డిగ్రీలు, ముందు గీతకూ ఒక్కో వెనక గీతకూ మధ్య 135 డిగ్రీలు ఉండాలి. కోణమానిని లేకపోయినా గీయవచ్చు. మధ్య బిందువు నుంచి ఒక గీత మీద 60 సెం.మీ., ఇంకో గీత మీద 80 సెం.మీ. గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 100 సెం.మీ. వచ్చేలా గీతను జరిపితే 90 డిగ్రీలు కుదిరినట్టే. తర్వాత రెండు గీతల మీదా మీటరు దూరంలో చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం లాగండి. దారం నడిమి నుంచి మధ్య బిందువు మీదుగా ముందుకు పొడిగిస్తే ముందు గీత వస్తుంది.

ఉత్తకాళ్లతో, బొటనవేలి కొస మధ్య బిందువు దగ్గర పెట్టి, చేతులు నడుం మీద ఉంచి నిలబడాలి. ఒక్కో దిశలో నాలుగు సార్లు అభ్యాసం, తర్వాత మూడు లెక్కలోకి. అభ్యాసం మానేస్తే మూడో ప్రయత్నం సాధారణంగా మొదటిదానికంటే పెద్దదే వస్తుంది. అది నిలకడ పెరిగి కాదు, ఒడుపు తెలిసి. చాపిన కాలి వేలు టేపును తాకీ తాకనట్టు ఉండాలి. బరువు మోపినా, తిరిగి మధ్యకు రాకముందే కాలు కింద పెట్టినా ఆ ప్రయత్నం చెల్లదు.

నిలబడ్డ కాలి మడమను మాత్రం కళ్లార్పకుండా చూడాలి. ముందుకు చాపేటప్పుడు చీలమండ బిగుసుగా ఉన్న పిల్లవాడి మడమ కనబడీ కనబడనట్టు లేస్తుంది, వెంటనే దూరం కలిసొస్తుంది. మడమ కింద సన్నటి కాగితం ముక్క పెట్టి, ఒకరు దాని అంచు పట్టుకుని ఉంటే, లేచిన క్షణం కాగితం జారిపోతుంది.

రాసేవాళ్లు పొరపడే చోటు ఇంకొకటి. కుడికాలి మీద నిలబడితే ఎడమ వెనక గీత లోపలివైపు అవుతుంది. కాలు మార్చగానే అదే గీత బయటివైపు అవుతుంది. కాగితం మీద 'ఎడమ గీత, కుడి గీత' అని రాస్తే తర్వాత ఎవరికీ అర్థం కాదు. లోపలి, బయటి అని నిలబడ్డ కాలిని బట్టే రాయండి.

పొడుగు కాళ్లవాడు ఎలాగూ ఎక్కువ దూరం చాపుతాడు కాబట్టి కాలి పొడవుతో భాగించాలి. వెల్లకిలా పడుకోబెట్టి, నడుం ముందువైపు ఎముక మొన నుంచి చీలమండ లోపలి ఎముక కింది అంచు దాకా కొలవండి. మూడు దిశల్లో 58, 90, 86 వస్తే మొత్తం 234. కాలు 80 సెం.మీ. అయితే 234ను 240తో భాగించి నూటితో హెచ్చిస్తే 97.5 శాతం. ముందు దిశలో కుడి, ఎడమ కాళ్ల తేడాను విడిగా చూడండి. హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో ఆ తేడా 4 సెం.మీ. మించినవాళ్లకు కాళ్ల గాయాలు ఎక్కువ కనిపించాయి. దాన్ని తీర్పుగా వాడకూడదు. ఆ పిల్లవాడి చీలమండను, పాత బెణుకులను ఒకసారి గమనించమని చెప్పే గుర్తుగా మాత్రమే చూడాలి.

మలుపు: ఫోనుతో 505

చేతి స్టాప్‌వాచ్‌తో మలుపు పరీక్షలు తీయడం దండగ అనే మా అభిప్రాయం. నొక్కే వేలి ఆలస్యమే 0.2 సెకన్ల దాకా ఉండగలదు. 505 అంటే ఐదు మీటర్లు పోయి, ఒక్కసారి తిరిగి, ఐదు మీటర్లు వెనక్కి వచ్చే టైము తీసే పరీక్ష. అందులో పిల్లల మధ్య అసలు తేడాలు చాలాసార్లు అంతకంటే చిన్నవి.

మూడు గీతలు వేయండి: బయల్దేరే గీత, 10 మీటర్ల గీత, 15 మీటర్ల గీత. పిల్లవాడు పూర్తి వేగంతో పరుగెత్తి 15 మీటర్ల గీతను ఒక పాదంతో తాకి వెనక్కి తిరగాలి. 10 మీటర్ల గీతను పోతూ దాటినప్పటి నుంచి తిరిగి దాటేదాకా టైము. ఎడమ కాలితో మూడు, కుడి కాలితో మూడు, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతి. మలుపు గీతకు అవతల కనీసం ఐదు మీటర్లు ఖాళీ ఉండాలి, గోడ ఉంటే పిల్లవాడు ముందే బ్రేకు వేస్తాడు.

ఫోనును ట్రైపాడ్ మీద, సరిగ్గా 10 మీటర్ల గీత పొడిగింపు మీద, పక్కకు పదీ పన్నెండు మీటర్ల దూరంలో, నడుం ఎత్తులో పెట్టండి. గీతకు అటో ఇటో జరిగితే దాటిన క్షణం తప్పుగా కనిపిస్తుంది. సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ వాడి, నడుం గీతను దాటిన రెండు ఫ్రేముల మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 564 ఫ్రేములు వస్తే 240తో భాగిస్తే 2.35 సెకన్లు. కొన్ని ఫోన్లు మధ్య ఫ్రేములను తామే కల్పించి కలుపుతాయి. ముందురోజు నడుస్తున్న డిజిటల్ స్టాప్‌వాచ్‌ను తీసి చూడండి. అంకెలు ఒకదానిమీద ఒకటి పడి మసగ్గా ఉంటే ఆ ఫోనును 60 ఫ్రేముల్లో వాడడమే నయం.

పిల్లలు చేసే మాయ కూడా ఉంది: గీతకు అరడుగు ముందే తిరిగిపోవడం. గీత పక్కన ఒకరు వంగి పాదం మాత్రమే చూడాలి, మొహం చూడకూడదు. ఇంకో మాయ, మలుపు కోసం దాచుకుని నెమ్మదిగా రావడం. దాన్ని పట్టడానికే 10 మీటర్ల తిన్నటి పరుగు కూడా తీయాలి. ఫోను అదే చోట ఉంచి, బయల్దేరే గీత కూడా కనబడేలా చూసుకుని, వెనక కాలు నేలను వదిలిన ఫ్రేము నుంచి లెక్కించండి.

ఈ రెండో అంకె వల్ల లాభం ఇదీ. ఇద్దరికీ 505లో 2.50 వచ్చిందనుకుందాం. ఒకరి 10 మీటర్ల పరుగు 1.85, ఇంకొకరిది 2.05. తీసివేస్తే 0.65, 0.45. మొదటివాడు వేగం ఉండి మలుపులో పోగొట్టుకుంటున్నాడు, వాడికి ఆగడం నేర్పాలి. రెండోవాడు చక్కగా తిరుగుతాడు, వాడికి పరుగు పెంచాలి. ఒక్క 2.50 చూస్తే ఇద్దరికీ ఒకే సాధన ఇచ్చేవాళ్లం.

టీ టెస్ట్ (ఇంగ్లిష్ T ఆకారంలో ముందుకు, పక్కలకు, వెనక్కి కదిలే పరీక్ష) పెట్టేవాళ్లకు ఒక్క మాట: అసలు దూరాలు గజాల్లో ఉన్నాయి, ముందుకు 10 గజాలు (30 అడుగులు), పక్కలకు 5 గజాలు (15 అడుగులు) చొప్పున. 10 మీటర్లు, 5 మీటర్లు అని సర్దుకుంటే బయటి అంకెలతో పోల్చే వీలు ఉండదు. పక్కడుగుల్లో కాళ్లు ఒకదానికొకటి అడ్డంగా వేస్తే ఆ ప్రయత్నం రద్దు. చివర్లో వెనక్కి పరుగు కాబట్టి పడితే పట్టుకోవడానికి ఒకరు ఉండాలి.

ముందే తెలిసిన మలుపును కొలిచినంత మాత్రాన ఆటలో చురుకుదనం మొత్తం తెలియదు. రైడర్ భుజం చూసి కదలడం వేరే విద్య. ఐదు మీటర్లు పరుగెత్తాక ఎదురుగా ఉన్న కోచ్ ఎడమకో కుడికో అడుగు వేస్తే అటు తిరిగే పరీక్ష కూడా కలపండి. ఏ వైపో ముందే చీటీ మీద రాసుకోవాలి, లేకపోతే కోచ్‌కు తెలియకుండానే ఒక వరస పడిపోతుంది, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

అంకె ఎప్పుడు నిజంగా మారినట్టు?

పదిమంది పిల్లలను వారం తేడాతో రెండుసార్లు, మధ్యలో కొత్త సాధన ఏమీ ఇవ్వకుండా కొలవండి. ఇద్దరిద్దరి మధ్య కాదు, ఒక్కొక్కరి రెండు టైముల తేడాలు తీసి, వాటి ప్రామాణిక విచలనాన్ని (స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఆ తేడాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 1.41తో భాగించండి. 0.07 వస్తే 0.05 అవుతుంది. అది మీ కొలతలో సహజంగా ఉండే ఊగిసలాట. దానికి రెట్టింపు, అంటే 0.10 సెకన్లు దాటితేనే పిల్లవాడు మారాడనండి.

ఇక ఎదిగే వయసు. ఎత్తు గబగబా పెరిగే కాలం ఆడపిల్లలకు 12 ఏళ్ల దగ్గర, మగపిల్లలకు 14 దగ్గర. ఆ నెలల్లో కొందరి నిలకడ, మలుపు రెండూ వెనక్కి పోతాయి, ఎముకల పొడవు ముందు పెరిగి కండరాల అదుపు తర్వాత అందుకుంటుంది. మూడు నెలలకోసారి ఎత్తు రాసుకుంటే ఇది కాగితం మీదే కనిపిస్తుంది. అండర్-14 సెలక్షన్లలో ఆ ఒక్క అంకె చూసి అలాంటి బిడ్డను పక్కన పెట్టడం అన్యాయం. ఆ వయసులో మోకాలి కింద ఎముక బొడిపె దగ్గర నొప్పి అంటే ఆ రోజు 505 పెట్టకండి, నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.