పాత షాట్‌గన్ స్టాక్‌కి రికాయిల్ ప్యాడ్, కొత్త పాలిష్ వేయడం ఎలా?

1950లో అమెరికాలో వచ్చిన రెమింగ్టన్ 870 లాంటి పాత 12 గేజ్ షాట్‌గన్లకు స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, మంచి వాల్‌నట్ చెక్కతో ఉంటుంది. పైన వార్నిష్ పోయి, సొట్టలు పడి, పేల్చినప్పుడల్లా భుజం వాచిపోతుందంటే, కొత్త పాలిష్ వేయడం, స్టాక్ చివర రికాయిల్ ప్యాడ్ (దెబ్బను పీల్చుకునే రబ్బరు మెత్త) బిగించడం, ఈ రెండు పనులూ ఒకేసారి చేసుకోవచ్చు. చాలామంది ముందు పాలిష్ చేసి, తర్వాత ప్యాడ్ బిగిస్తారు. అప్పుడు ప్యాడ్ అరగదీసేటప్పుడు కొత్త పాలిష్ కాస్తా గీసుకుపోతుంది. ప్యాడే ముందు.

(మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరుకు లైసెన్సు ఉండాలి. ఇక్కడివాళ్లు ఈ పని లైసెన్సున్న మెకానిక్‌కే ఇవ్వండి.)

1. తుపాకీ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా తడిమి చూడండి. వెనక ఉన్న ప్లేటు తీస్తే లోపల పొడవాటి బోల్టు కనిపిస్తుంది. అది విప్పితే స్టాక్ ఊడి వస్తుంది.

2. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరిదాకా కొలవండి. మామూలుగా 14 అంగుళాలు ఉంటుంది. అంగుళం మందం ప్యాడ్ వేస్తే, పాత ప్లేటు మందం పోగా మిగిలినంత చెక్క కోయాలి. కోసేచోట టేపు చుట్టండి, లేకపోతే అంచు పెచ్చులూడుతుంది. తేడా వస్తే అతికించడానికి ఉండదు, రెండుసార్లు కొలవండి.

3. పాత వార్నిష్‌ను రిమూవర్‌తో తీయండి. పట్టు కోసం చెక్కిన గళ్ల మీద ఉప్పు కాగితం అస్సలు తగలనివ్వకండి, పాత టూత్‌బ్రష్ చాలు. సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క ఉబ్బి పైకి లేస్తుంది. తెగిన గాట్లు మాత్రం ఇలా పోవు.

4. ప్యాడ్ స్క్రూలకు, స్క్రూడ్రైవర్‌కు వాజలిన్ రాయండి, రబ్బరు చిరగదు. బిగించాక చెక్క అంచు వెంబడే ప్యాడ్ మీద సూదితో గీత గీసి, మళ్లీ విప్పి, బెల్ట్ సాండర్ మీద గీతకు వెంట్రుకవాసి ఇవతలిదాకా అరగదీయండి. చెయ్యి తిరిగినవాళ్లూ తడబడేది కిందివైపే. స్టాక్ వాలు ఎటు పోతుందో ప్యాడ్ అంచూ అటే పోవాలి. నిటారుగా అరగదీస్తే వేరే తుపాకీ ముక్క తెచ్చి అతికించినట్టుంటుంది. మిగిలిన వెంట్రుకవాసిని ప్యాడ్ బిగించి, చెక్కతో కలిపి ఉప్పు కాగితంతో చేత్తోనే రుద్దండి.

5. ప్యాడ్ తీసి, చెక్కను తడిపి ఆరనివ్వండి. లేచిన నూగును 320 నంబరు కాగితంతో తీసేసి, బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (త్వరగా ఆరే రకం అవిసె నూనె) వేలితో పల్చగా పట్టించండి. కోసిన చివర ఎక్కువ తాగుతుంది, అక్కడ ఇంకాస్త పట్టించాలి. పూతకూ పూతకూ మధ్య కనీసం ఒక రోజు. తొందరపడితే జిగురుగా మిగిలిపోతుంది.

నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు దానంతటదే వేడెక్కి మంటలు లేవగలదు. నీళ్లలో ముంచండి, లేదా ఆరుబయట పరిచి ఆరేయండి.