ఎండాకాలం ప్రెషర్ రన్ పెట్టుకున్న జూనియర్లకి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మా గుంటూరు ల్యాబ్‌లో డైమండ్లు పగిలేది మాత్రం ఎండకి కాదు, తొందరకి. శాంపిల్‌ని రెండు డైమండ్ల మధ్య పెట్టి స్క్రూలతో నొక్కే పరికరమే మన సెల్. ఈ నెల ఐరన్ సెలెనైడ్ (బాగా చల్లబెడితే కరెంటుకి అడ్డే లేకుండా పోయే సూపర్ కండక్టర్) మీద ప్రెషర్ రన్, అంటే ఒత్తిడి పెంచుతూ కొలిచే పని, ఉన్నోళ్లు ఒకసారి చదవండి.

ముందు రూబీ సంగతి. సెల్‌లో ప్రెషర్ చెప్పేది ఆ చిన్న రూబీ ముక్కే, లేజర్ వేస్తే అది వెలిగే ఎర్ర గీత 694 నానోమీటర్ల దగ్గర ఉండి, ఒత్తిడి గిగాపాస్కల్ (దాదాపు పదివేల రెట్లు గాలి ఒత్తిడి) పెరిగితే 0.36 నానోమీటర్ల చొప్పున జరుగుద్ది, కానీ వేడికి కూడా అటే జరుగుద్ది, డిగ్రీకి 0.007 దాకా. పొద్దున ఏసీలో 26 దగ్గర రిఫరెన్స్ తీసుకుని, మధ్యాహ్నం కరెంటు పోయి గది 38 అయ్యాక రీడింగ్ తీశారనుకోండి, స్క్రూ ముట్టుకోకుండానే పావు గిగాపాస్కల్ పెరిగినట్టు కనపడుద్ది. పోయినేడు నేను అదే చేసి వారం రోజులు ఆ గ్రాఫ్ చూసుకుని మురిసిపోయా. పావే కదా అనుకోవద్దు, మామూలుగా 8 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్ అయ్యే ఈ పదార్థం 1.5 గిగాపాస్కల్స్‌కే 27 దాకా ఎగబాకుద్ది. అందుకే సెల్ బయట ఇంకో రూబీ ముక్క పెట్టి రెండిట్నీ ఒకేసారి కొలవండి, చల్లబెట్టాక ప్రెషర్ మారుద్ది కాబట్టి అక్కడ కూడా మళ్లీ కొలవండి.

ఇది పూతరేకుల దొంతర లాంటి పదార్థం, నొక్కితే ముందు పొరల మధ్య సందే తగ్గుద్ది. అందుకని ఒత్తిడి అన్నివైపులా సమానంగా పడాలి. దానికోసం శాంపిల్ చుట్టూ నింపే మిథనాల్, ఇథనాల్ 4:1 మిశ్రమం 10 గిగాపాస్కల్స్ దాకానే పనికొస్తది, ఆపైన గట్టిపడి పైనుంచి ఎక్కువ, పక్కనుంచి తక్కువ నొక్కుద్ది. ఇంకో చిక్కు ఏంటంటే 9 గిగాపాస్కల్స్ దగ్గర సూపర్ కండక్టర్ అయ్యే ఉష్ణోగ్రత 37 కెల్విన్ దాకా పోయాక, ఇంకా నొక్కితే క్రిస్టలే షట్కోణ రూపంలోకి మారిపోద్ది, ఆ రూపం సూపర్ కండక్టర్ కాదు. ట్రాన్సిషన్ (రెసిస్టెన్స్ సున్నాకి పడిపోవడం) మాయమైంది కదా, వైరు తెగిందేమో అని సెల్ విప్పేయకండి, ముందు ఎక్స్‌రే తీయండి.

గాలి తగిలితే శాంపిల్ పాడవుద్ది, లోడింగ్ గ్లోవ్ బాక్స్‌లోనే (గాలి చొరబడని, తొడుగుల్లోంచి చేతులు పెట్టి పనిచేసే పెట్టె). డైమండ్ల మధ్య శాంపిల్‌ని పట్టి ఉంచే బెరీలియం కాపర్ రేకుని (గాస్కెట్) ఆకురాయితో అరగదీయొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకి విషం. ప్రెషర్ దించేటప్పుడు కళ్లద్దాలు, నిదానం.

అన్నిటికంటే ముఖ్యం, ఏసీ చల్లదనం పోద్దని తలుపులు మూసేసి లిక్విడ్ నైట్రోజన్ పోయొద్దు. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుద్ది, ఆక్సిజన్ తగ్గిన సంగతి మనిషికి తెలీదు, కళ్లు తిరిగేలోపే పడిపోతారు. ఉక్క పోసినా సరే తలుపు తీసుంచి, పక్కన ఇంకొకళ్లని పెట్టుకోండి.