పికప్ ట్రక్కు హీటర్ నుంచి చల్లగాలి: థర్మోస్టాట్ కొనేముందు మూత తీసి చూడండి

సమస్య ఇది. ఇంజను వేడెక్కింది, ఫ్యాను జోరుగా తిరుగుతోంది, మీట పూర్తిగా ఎరుపు వైపు ఉంది. అయినా వచ్చేది చల్లగాలే. ఫ్యానే తిరగకపోతే అది వేరే సంగతి. ఫ్యూజు, రెసిస్టర్, బ్లోయర్ మోటారు చూసుకోండి.

మిషిగన్, మిన్నెసోటా చలిలో ఈ మాట రాగానే అందరూ పరుగెత్తి థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) తెచ్చి బిగిస్తారు. కూలెంట్ సంగతి ఆ తర్వాత తీరిగ్గా గుర్తొస్తుంది. హీటర్‌కు సొంత వేడి లేదండీ. ఇంజను వేడిని మోసుకొచ్చే కూలెంట్, డ్యాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్ గుండా పారితేనే గాలి వెచ్చబడుతుంది. చాలా ట్రక్కుల్లో ఆ కోర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి, కూలెంట్ తగ్గితే గాలి చేరేది ముందు అక్కడే.

రేడియేటర్‌కు కలిపి ఉండే కూలెంట్ డబ్బా చూసి "డబ్బాలో గీత దాకా ఉంది" అంటే చాలదు. రేడియేటర్ మూతలోని చిన్న కవాటం పాడైతే, ఇంజను చల్లారేటప్పుడు డబ్బాలోని కూలెంట్ వెనక్కి రాదు. డబ్బా నిండుగానే కనిపిస్తుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన ఇంజనుకు ఉదయాన్నే మూత తీసి చూడండి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. కొత్త ట్రక్కుల్లో చాలావాటికి రేడియేటర్ మీద మూతే ఉండదు. వాటిలో ఒత్తిడిని తట్టుకునే డబ్బానే ప్రమాణం.

తగ్గి ఉంటే నింపండి. ఏటవాలు దారిలో ముందు చక్రాలు పైకి ఉండేలా నిలిపి, మూత స్థానంలో గరాటు పెట్టి, హీటర్‌ను గరిష్ఠానికి తిప్పి, బుడగలు ఆగేదాకా ఇంజను నడవనివ్వండి. కూలెంట్ ఊరికే ఆవిరైపోదు, కాబట్టి కారుతున్న చోటు వెతకండి. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, లోపల తీపి వాసన వస్తుంటే, అద్దం మీద జిడ్డు పొగ పడుతుంటే, కారుతున్నది హీటర్ కోరే.

టెక్సస్‌లో కొన్న పాత ట్రక్కును ఉత్తరాదికి తెచ్చుకున్నవారు ఇంకో పని చేయాలి. ఎండల్లో మట్టం తగ్గినప్పుడల్లా అందులో ఉత్త నీళ్లు పోసి ఉంటారు. సగం కూలెంట్, సగం నీళ్లు ఉంటే మైనస్ 34 ఫారన్‌హీట్ దాకా గడ్డకట్టదు. నీళ్లు ఎక్కువైతే ఆ భరోసా లేదు. విడిభాగాల దుకాణంలో దొరికే చవక పరీక్ష గొట్టంతో చూసుకోండి.

మట్టం సరిగ్గా ఉండి, హైవే ఎక్కగానే ఉష్ణోగ్రత ముల్లు కిందికి జారి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మళ్లీ లేస్తుంటే, అప్పుడు థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందనుకోవచ్చు. ఇంజను తగినంత వేడెక్కడం లేదని ట్రక్కు కంప్యూటర్ చెప్పే పి0128 కోడ్ వస్తే ఇంకా గట్టి ఆధారం. మార్చండి, అయిపోతుంది.

ముల్లు మధ్యలో నిలకడగా ఉండి కూడా చల్లగాలి వస్తుంటే? నాకు ఎక్కువ విసుగు పుట్టించినది ఇదే. ఇంజను వేడెక్కాక, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న గోడలోకి వెళ్లే రెండు హీటర్ గొట్టాలను ఫ్యాను, బెల్టులకు దూరంగా చేయి పెట్టి తాకి చూడండి. రెండూ చేయి పెట్టలేనంత వేడిగా ఉండాలి. ఒకటి కాలుతూ, రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్ పూడిపోయినట్టే. గాలి చిక్కుకున్నా ఇలాగే ఉంటుంది, అందుకే మట్టం ముందు చూడమన్నాను. కొన్ని ట్రక్కుల్లో ఒక గొట్టం మీద హీటర్ వాల్వు ఉంటుంది. వాల్వుకు ముందు వేడి, తర్వాత చల్లన అయితే తప్పు వాల్వుది.

ఈ పూడిక మోసగాడు. పూర్తిగా కాకుండా సగమే పూడితే డ్రైవర్ వైపు చల్లన, పక్క సీటు వైపు వెచ్చన వస్తుంది, లేదా యాక్సిలరేటర్ తొక్కితే వెచ్చబడి, సిగ్నల్ దగ్గర ఆగగానే చల్లబడుతుంది. కూలెంట్‌ను తిప్పే పంపు పోయిందని పంపు మారుస్తారు, డ్యాష్ వెనక గాలిని మళ్లించే తలుపు మోటారు పోయిందని అది మారుస్తారు. అసలు కారణం పాత యజమాని పోసిన లీకు ఆపే పొడి, లేదా రెండు రకాల కూలెంట్లు కలిసి కట్టిన జిగురు. ఒకసారి నేను కొన్న పాత ట్రక్కు నుంచి చింతపండు గుజ్జులాంటి ముద్దలు బకెట్‌లో పడ్డాయి. ఆ పొడి డబ్బా ఖాళీగా సీటు కిందే దొరికింది!

కడగడానికి, ఇంజను చల్లారాక రెండు గొట్టాలూ విప్పండి. బయటికి వచ్చే గొట్టం వైపు నుంచి, అంటే ప్రవాహానికి ఎదురుగా, తోట గొట్టంతో నీళ్లు పంపండి. కుళాయి పూర్తిగా తిప్పకండి. కూలింగ్ వ్యవస్థ 15 పిఎస్‌ఐ ప్రాంతంలో పనిచేస్తుంది, ఇంటి కుళాయి ఒత్తిడి దానికి మూడు నాలుగు రెట్లు ఉండవచ్చు, అల్యూమినియం కోర్ పగులుతుంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు మార్చుతూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కానివ్వండి. తర్వాత నీళ్లు ఊదేసి, డిస్టిల్డ్ వాటర్‌తో సరైన కూలెంట్ కలిపి నింపి, గాలి తీయండి. పాత కూలెంట్‌ను నేల మీద వదలకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చస్తాయి. కడిగినా వేడి రాకపోతే కోర్ మార్చాల్సిందే, చాలా ట్రక్కుల్లో దానికి డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి.

రెండు గొట్టాలూ కాలుతున్నా చల్లగాలేనా? అయితే గాలిని కోర్ మీదికి మళ్లించే తలుపు కదలడం లేదు. తాళం తిప్పగానే డ్యాష్ వెనక టకటకమంటే దాని మోటారులోని ప్లాస్టిక్ పళ్లు అరిగాయి. చిన్న మోటారు, సాధారణంగా రెండు మూడు స్క్రూలు.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగానికీ కింది దిమ్మకూ మధ్య ఉండే సీలు), పంపు లోపలి రెక్కలు పాడవడం కూడా కారణం కావచ్చు గానీ అరుదు. మూత దగ్గర బుడగలు ఎప్పటికీ ఆగకపోతే, తెల్లపొగ వస్తుంటే అప్పుడు ఆలోచించండి. డీజిల్ ట్రక్కు కలవారు గట్టి చలిలో ఊరికే నిలిపి ఉంచి వేడి రాలేదంటే, అది రోగం కాదు. నాలుగు మైళ్లు నడిపి మళ్లీ చూడండి.