ఇంట్లోనే బ్రేకు పని – 4వ పాఠం: హబ్‌కు పట్టేసిన డిస్క్‌ను ఊడదీయడం

కిందటి పాఠంలో కాలిపర్‌ను (ప్యాడ్‌లను డిస్క్‌కు నొక్కే భాగం), దాని బ్రాకెట్‌ను విప్పి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా కాలిపర్‌ను సస్పెన్షన్ స్ప్రింగుకు తీగతో వేలాడదీశాం. ఇక డిస్క్ చేత్తో లాగితే వచ్చేయాలి. రాలేదంటే తుప్పు పట్టేసిందన్నమాట.

తుప్పు ఎక్కువగా బిగిసేది హబ్ (డిస్క్, చక్రం బిగించే భాగం) నడిమి గుండ్రటి అంచు చుట్టూ. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది, సన్నటి సందు కాస్తా మూసుకుపోతుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు నీళ్లలో నిలిచిపోయిన కార్లయితే ఈ పనికి గంట అదనంగా పెట్టుకోండి, వీల్ బేరింగ్ కూడా చూసుకోండి.

ముందు డిస్క్ ముఖాన స్టార్ స్క్రూలు ఉన్నాయేమో చూడండి. ఉంటే 3వ నంబరు బిట్ పెట్టి, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్‌తో తీయండి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తల అరిగిపోతుంది, అప్పుడు డ్రిల్ వేయడమే గతి. వెనక చక్రమైతే కారు స్టాండు మీద కదలకుండా, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయండి. డిస్క్ లోపలే హ్యాండ్ బ్రేకు షూలు ఉండే రకమైతే అడ్జస్టర్‌ను కూడా వెనక్కి తిప్పాలి.

నడిమి అంచు చుట్టూ, స్టడ్‌ల (వీల్ నట్లు ఎక్కే బోల్టులు) మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట వదిలేయండి. ఈ అరగంట మిగుల్చుకుందామని చూసేవాళ్లే తర్వాత సమ్మెట ఎత్తుతారు. రెండు వీల్ నట్లను స్టడ్‌ల చివర వదులుగా ఎక్కించి ఉంచండి, డిస్క్ ఒక్కసారిగా ఊడి పాదం మీద పడకుండా.

ఇప్పుడు స్టడ్‌ల మధ్య మరలున్న రెండు చిన్న రంధ్రాలు వెతకండి. చాలా కార్లకు ఉంటాయి. డిస్క్‌ను బయటికి నెట్టడానికే వాటిని పెట్టారు. ఎక్కువగా 8 ఎం.ఎం. లావు, 1.25 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) బోల్టులు పడతాయి. నిండా మర ఉన్నవి, 40 ఎం.ఎం. పొడవువి ఆటోనగర్ బోల్టుల షాపుల్లో అడగండి. రంధ్రాల్లో తుప్పు గీకి, మొదట చేత్తో తిప్పండి. బోల్టులు హబ్‌కు ఆనాక పానాతో దీన్ని పావు చుట్టు, దాన్ని పావు చుట్టు. ఒక్కదాన్నే బిగిస్తే డిస్క్ వంకరగా ఇరుక్కుంటుంది. పానా బాగా బిగిసిందా, ఇంక బలం పెట్టకండి: పోత ఇనుము పగులుతుంది, లేదా మర చెడుతుంది. బోల్టులు అలాగే ఉంచి, స్టడ్‌ల మధ్య సుత్తితో తట్టండి, డిస్క్ తిప్పుతూ చుట్టూ తట్టండి. ‘టక్’మని వదులుతుంది.

సుత్తి దెబ్బ స్టడ్ మీద పడకూడదు. డిస్క్ మళ్లీ వాడాలంటే ప్యాడ్ ఆనే ముఖం మీదా పడకూడదు. గట్టిగా బాదితే బేరింగ్ గోళీలు తమ దారిలో గుంటలు చేస్తాయి, తర్వాత నడుస్తుంటే హోరు మొదలవుతుంది. గ్యాస్ మంట అసలు వద్దు: బేరింగ్ సీలు, చక్రం వేగం చూసే ఏబీఎస్ సెన్సర్ కాలతాయి, స్ప్రే అంటుకుంటుంది.

డిస్క్ వచ్చాక హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. ఇక్కడ వదిలేసిన చిన్న తుప్పు పెచ్చే డిస్క్‌ను వంకరగా కూర్చోబెట్టి, బ్రేకు పెడల్ వణకడానికి కారణమవుతుంది. నడిమి అంచుకు మాత్రం, మళ్లీ పట్టేయకుండా, యాంటీ సీజ్ పేస్టు పల్చగా, పొరలాగా రాయండి. స్టడ్‌లకూ, డిస్క్ ఆనే ముఖానికీ వద్దు. డిస్క్ తిరిగేటప్పుడు ఎంత ఊగుతుందో కొలిచే డయల్ గేజ్ పని 5వ పాఠంలో.