బిల్డింగ్ సైన్స్‌లో చేరుతున్నారా? ఫీజు కట్టేముందు ఇవి చూసుకోండి

భవనాల్లో వేడి, తేమ, గాలి, శక్తి ఎలా పనిచేస్తాయో నేర్పే ఈ డిగ్రీకి దరఖాస్తుల గడువు దగ్గరపడుతోంది. బ్రోషర్లో ఉండనివి మాత్రమే చెబుతాను.

• లైసెన్సు సంగతి ముందు తేల్చుకోండి. ఈ డిగ్రీ ఉన్నంత మాత్రాన చాలా దేశాల్లో ఆర్కిటెక్టుగానో ఇంజినీరుగానో ప్లాన్ల మీద సంతకం పెట్టే హక్కు రాదు. మీరు పనిచేయాలనుకునే చోట గుర్తింపు ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. కోర్సు అయ్యాక తెలిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

• సిలబస్‌లో వేడి, తేమ, గాలి లెక్కలున్నాయా? బీరువా వెనక గోడకు నల్లగా బూజు పడుతుంది చూడండి, గదిలోని తేమ చల్లటి గోడను తాకి నీరవడం వల్ల. రంగేస్తే పోదు. ఎందుకు పోదో లెక్కగట్టి చెప్పగలగడమే అసలు చదువు. కోర్సు పేరులో 'సస్టైనబుల్' ఉంటే సరిపోదు.

• ల్యాబ్ చూడకుండా సీటు ఖాయం చేసుకోవద్దు. భవనంలో గాలి ఎంత లీకవుతోందో కొలిచే బ్లోయర్ డోర్ పరీక్షలో తలుపు చట్రానికి ఫ్యాన్ బిగించి, లోపలికీ బయటికీ 50 పాస్కల్ ఒత్తిడి తేడా తెస్తారు. అప్పుడు స్విచ్‌బోర్డు సందు దగ్గర పట్టిన పొగ వంకర తిరగడం కళ్లారా చూసినవాళ్లు గాలి లీకేజీని ఇక తేలిగ్గా తీసుకోరు.

• సామగ్రి తయారీలో వెలువడే కార్బన్ లెక్క నేర్పుతారా? ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటుదే సుమారు 7-8 శాతం. కరెంటు బిల్లు దగ్గరే ఆగిపోయే కోర్సు సగం కోర్సే.

• పాత భవనాలను బాగుచేసే పేపరుందా? ఉన్నదాన్ని కూల్చకుండా నిలబెట్టడం పెద్ద పని.

• భవనం ఎంత శక్తి వాడుతుందో లెక్కగట్టే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక్క గదినైనా మోడల్ చేసి చూడండి. ఈ పని మీకు నచ్చుతుందో లేదో చేరకముందే తెలుస్తుంది.