నెప్ట్యూన్ అవతలి రాయి నీడను పట్టుకోవడం ఎలా

నెప్ట్యూన్ అవతల తిరిగే రాళ్లు మన టెలిస్కోపుల్లో మసక చుక్కలు, చాలావరకు అసలు కనపడవు కూడా. కానీ వాటిలో ఒకటి ఏదైనా నక్షత్రానికి సరిగ్గా అడ్డొచ్చిందంటే దాని నీడ భూమి మీద పరుగెడుతుంది, ఆ దారిలో కూర్చున్నవాళ్లకు నక్షత్రం ఠక్కున ఆరి, కొన్ని సెకన్లకు మళ్లీ వెలుగుతుంది. దీన్నే ఆకల్టేషన్ అంటారు. ఆరిన సెకన్లను నీడ వేగంతో గుణిస్తే ఆ రాయికి ఒక వైపు నుంచి ఇంకో వైపుకి గీసిన గీత పొడవు వస్తుంది. అందుకే ఈ పనిలో టెలిస్కోపు సైజు కంటే గడియారం ముఖ్యం.

ముందు అంచనా సంగతి. నక్షత్రం ఎక్కడుందో గయా అంతరిక్ష నౌక కొలతలతో చేసిన నక్షత్రాల జాబితా (గయా కేటలాగ్) చాలా కచ్చితంగా చెప్పేస్తుంది, చిక్కంతా రాయి కక్ష్యతోనే. 40 ఖగోళ ప్రమాణాల (భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 40 రెట్లు) దూరంలో ఒక్క మిల్లీ ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 36 లక్షలో వంతు కోణం) తేడా వస్తే భూమి మీద నీడ దాదాపు 29 కి.మీ. జరుగుతుంది. 20 మిల్లీ ఆర్క్‌సెకండ్లు తప్పితే హైదరాబాద్ మీదుగా వెళ్లాల్సిన నీడ బెంగళూరు కూడా దాటి దక్షిణానికి జారిపోవచ్చు. కాబట్టి ఇలాంటి అంచనాలు ఇచ్చే లక్కీ స్టార్ వెబ్ పేజీలోనో, ఆకల్ట్ వాచర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనో మ్యాప్ చూసినప్పుడు మధ్య గీత మన ఊరి మీద ఉందా లేదా అని కాదు, ఆ గీత ఎంత అటూ ఇటూ కావచ్చన్నారో చూడండి. ఈవెంట్‌కి వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి మళ్లీ చూడండి, కొత్త కొలతలు వస్తే దారి మారుతుంది.

తర్వాత నక్షత్రం ఎంత ప్రకాశంగా ఉంది, ఆ టైముకి ఎంత ఎత్తులో ఉంటుంది, చంద్రుడు పక్కనే ఉన్నాడా అన్నవి. 8 అంగుళాల టెలిస్కోపుకి 13 మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) లోపు నక్షత్రమైతే హాయి అని నా అభిప్రాయం.

టైము దగ్గర చాలామంది దెబ్బతింటారు. అంచనాలన్నీ యూటీసీలో, అంటే మన టైముకి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైములో ఉంటాయి. 14వ తేదీ 20:10 అని ఉంటే మనకు అది 15వ తేదీ తెల్లవారుజామున 1:40. ఈ ఒక్క లెక్క తప్పి మొత్తం రాత్రిని పోగొట్టుకోవడం కంటే బాధ ఇంకోటి లేదు. మన ఆకాశంలో రాయి సూర్యుడికి సరిగ్గా అవతలి వైపు ఉన్న రోజుల్లో నీడ సెకనుకి సుమారు 25 కి.మీ. పోతుంది, అంటే 1000 కి.మీ. రాయి నక్షత్రాన్ని మహా అయితే 40 సెకన్లు దాస్తుంది, లాప్‌టాప్ గడియారం ఒక్క సెకను తప్పినా మీ గీత 25 కి.మీ. పక్కకి పోయినట్టే. ప్రతి ఫ్రేముకీ జీపీఎస్ టైము వేసే కెమెరా ఉంటే టెన్షన్ ఉండదు. లేకపోతే రికార్డింగ్‌కి ముందూ తర్వాతా ఇంటర్నెట్ టైముతో సరిచూసి, ఎంత తేడా ఉందో రాసి పెట్టుకోండి.

ముందు రాత్రి అదే టైముకి అదే చోట రిహార్సల్ చేయండి. మ్యాప్ పక్కన పెట్టుకుని, స్క్రీన్ మీద చుక్కల త్రికోణాలు పోల్చుకుంటూ ఆ నక్షత్రాన్ని వేలు పెట్టి చూపించగలగాలి. ఫ్రేములో ఇంకో నక్షత్రం కూడా ఉండాలి, ఎందుకంటే పలచని మేఘం వస్తే రెండూ తగ్గుతాయి, రాయి అడ్డొస్తే ఒక్కటే తగ్గుతుంది. ఎక్స్‌పోజర్ అర సెకను దగ్గర మొదలుపెట్టి, నక్షత్రం స్పష్టంగా ఉంటే ఇంకా తగ్గించండి. లెన్సు మీద మంచు పట్టకుండా హీటర్ మరవకండి.

రికార్డింగ్ మాత్రం కనీసం పది నిమిషాల ముందే మొదలుపెట్టి పది నిమిషాల తర్వాత ఆపండి. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డొచ్చే ముందే ఆ నక్షత్రం కొన్నిసార్లు మసకబారింది, యురేనస్ వలయాలు అలా బయటపడ్డాయి. తమిళనాడులోని కావలూరులో 102 సెం.మీ. టెలిస్కోపుకి కూడా ఆ రాత్రి అలాంటి తగ్గుదల దొరికింది. 2017 జనవరి 21న నెప్ట్యూన్ అవతలి మరుగుజ్జు గ్రహం హౌమియా వలయం దొరికిందీ ఆకల్టేషన్‌లోనే.

స్నేహితులతో చేస్తుంటే ఒకే మేడ మీద కూర్చోకండి, అందరికీ ఒకే గీత వస్తుంది. నీడ దారికి అడ్డంగా ఊరూరికీ విడిపోండి. 2017 జూలై 17న అర్జెంటీనాలో అరోకోత్ అనే నెప్ట్యూన్ అవతలి రాయి కోసం 24 టెలిస్కోపులు వరసగా పెడితే ఐదింటికే నీడ తగిలింది. ఆ ఐదు గీతలతోనే అది రెండు ముద్దలు అంటుకున్నట్టుందని న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక దాని దగ్గరికి చేరకముందే తెలిసింది. నీడ తగలనివాళ్ల రికార్డులు కూడా అంచు ఎక్కడ ఆగిందో చెబుతాయి.

ఫైళ్లు కుదించకుండా అలాగే దాచండి, టాంగ్రా, పైమూవీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వెలుగు గ్రాఫ్ తీయండి. మీకు నక్షత్రం ఆరకపోయినా సరే, మీరున్న చోటి అక్షాంశ రేఖాంశాలతో కలిపి అంచనా ఇచ్చినవాళ్లకి రిపోర్టు పంపండి.