పొగ కణాల లెక్కను ప్రోగ్రామ్‌గా ఎలా రాయాలి?

తలుపులు మూసిన గదిలో అగరొత్తి పొగను కాసేపు గమనించండి. కణాలు ఒకదానికొకటి తగిలి అతుక్కుంటాయి. వాటి సంఖ్య తగ్గుతుంది, సైజు పెరుగుతుంది, పెద్దవి మెల్లగా నేలకు దిగుతాయి. దీన్ని పైథాన్‌లో మీరే రాసుకోవచ్చు. ఒక్క విషయం మాత్రం పట్టుదలగా చూసుకోవాలి: కణాలు ఎన్నిసార్లు అతుక్కున్నా మొత్తం ఘనపరిమాణం మారకూడదు.

ముందు అరలు చేసుకోండి. కణాలన్నిటినీ విడివిడిగా లెక్కించడం కుదరదు కాబట్టి సైజును బట్టి అరల్లో వేస్తాం. వ్యాసం 10 నానోమీటర్ల నుంచి 10 మైక్రాన్ల దాకా అంటే 1000 రెట్లు, ఘనపరిమాణంలో 100 కోట్ల రెట్లు. ఒక్కో అరకూ ఘనపరిమాణాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతే 31 అరలు సరిపోతాయి.

తర్వాత ఢీకొనే గుణకం, అంటే రెండు కణాలు ఎంత తరచుగా తగులుతాయో చెప్పే సంఖ్య. మొదటిసారి అన్ని జతలకూ ఒకే విలువ తీసుకోండి: సెకనుకు 6×10⁻¹⁶ ఘనమీటర్లు. గది ఉష్ణోగ్రత దగ్గర గాలిలోని ఒకే సైజు కణాలకు, కణాలు ఢీకొని అతుక్కునే వేగాన్ని లెక్కించే స్మొలుకోవ్‌స్కీ సూత్రం ఇచ్చేది ఇదే. రెండు అరల్లో ఘనమీటరుకు ఉన్న కణాల సంఖ్యలను ఒకదానితో ఒకటి, ఆపై దీనితో గుణిస్తే ఘనమీటరులో సెకనుకు ఎన్ని ఢీలో తెలుస్తుంది. ఒకే అరలోని కణాలైతే సగం చేయండి, లేదంటే ప్రతి జతా రెండుసార్లు లెక్కకొస్తుంది.

ఇక అసలు చిక్కు. అరల ఘనపరిమాణాలు 1, 2, 4, 8 అనుకుందాం. 1, 4 అతుక్కుంటే 5 అవుతుంది, 5కి అర లేదు. దగ్గరగా ఉంది కదా అని 4లో వేస్తే ఐదింట ఒక వంతు పొగ మాయమైపోతుంది. సంజీవ్ కుమార్, దొరైస్వామి రామ్‌కృష్ణ 1996లో చూపిన దారి నాకు చాలా ఇష్టం: ఆ కణాన్ని పంచేయండి. 4లో ముప్పావు కణం, 8లో పావు కణం. నాలుగులో ముప్పావు 3, ఎనిమిదిలో పావు 2, కలిపితే 5. కణమూ ఒకటే అయింది, ఘనపరిమాణమూ నిలిచింది.

నేలకు దిగడం తేలిక. దిగే వేగాన్ని గది ఎత్తుతో భాగిస్తే సెకనుకు ఎన్నో వంతు పోతుందో వస్తుంది. నీటి సాంద్రత ఉన్న 10 మైక్రాన్ల కణం సెకనుకు 3 మిల్లీమీటర్లు దిగుతుంది, 1 మైక్రాన్ కణం 0.035 మిల్లీమీటర్లే.

కాలాన్ని 10 సెకన్ల అడుగులుగా నడపండి. ఏ అరలోనైనా మైనస్ సంఖ్య కనిపిస్తే దాన్ని సున్నా చేసి దాచేయకండి, అడుగును సగానికి తగ్గించండి.

చివరగా పరీక్ష. నేలకు దిగడం ఆపేసి, ఘన సెంటీమీటరుకు 10 లక్షల కణాలను మొదటి అరలో వేసి నడపండి. దాదాపు 56 నిమిషాలకు సంఖ్య సగమవ్వాలి, ఘనపరిమాణం కదలకూడదు. ఈ రెండూ సరిపోయాకే సైజును బట్టి మారే గుణకం జోలికి వెళ్లండి.